తడి దూదిలో చిక్కుడు గింజ

కిటికీ గట్టు మీద గాజు గ్లాసు. అందులో తడిపిన దూది, దూదికీ గాజుకీ మధ్య ఇరుక్కుని మూడు చిక్కుడు గింజలు. నిన్న పొద్దున తలుపు తియ్యబోయి అటు వంగేసరికి ఆ వాసన తగిలింది. నానిన గింజ వాసన. కొంచెం మట్టి, కొంచెం పచ్చి, నీళ్ళు మార్చడం ఒకరోజు మరిచిపోతే తేలే పులుపు. ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలలో పనిచేసినదాన్ని, అంతకుముందు అలాంటి గదిలోనే చదువుకున్నదాన్ని. ఆ వాసన తగిలితే చాలు, నా చేతికి సుద్దపొడి అంటుకున్నట్టే ఉంటుంది.

గ్లాసు మా మనవరాలిది. మూడో తరగతి. బడిలో ఇచ్చిన పని. ఒక గింజ పొట్టు చీలి తెల్లటి వేరు బయటికొచ్చింది. ‘‘ఎంత పొడుగుందో కొలుద్దామా?’’ అన్నాను. పరిగెత్తుకెళ్ళి స్కేలు తెచ్చింది. తెచ్చాక మళ్ళీ ఆగిపోయింది. ‘‘అమ్మమ్మా, కొలవడం లెక్కల్లోది కదా. ఇది సైన్సు. సైన్సు నోటులో బొమ్మ మాత్రం వెయ్యమన్నారు’’ అంది.

పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు. దానికి చెప్పినట్టు అది నడుచుకుంటోంది. నాకే మనసు ఎక్కడో చివుక్కుమంది. ఆ తర్వాత రోజంతా పాత గదులే కళ్ళముందు తిరిగాయి.

*

మా బడిలో గదులు తక్కువ, తరగతులు ఎక్కువ. రెండో తరగతి వాళ్ళం ఇటు తిరిగి, మూడో తరగతి వాళ్ళు అటు తిరిగి, ఒకే గదిలో వీపుకు వీపు పెట్టుకుని కూచునేవాళ్ళం. నల్లబల్లలు రెండు, మాస్టారు ఒక్కరే. ఆయన అటు పాఠం చెబుతున్నంతసేపు మేం కాపీ రాసుకోవాలి. చెయ్యి రాస్తూ ఉండేది, చెవి అటే ఉండేది. వెనక నుంచి ‘‘ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళ పద్నాలుగు, ఏడు మూళ్ళ ఇరవై ఒకటి’’ అని రాగం సాగుతుంటే, నా పలక మీద పద్యం కూడా ఆ రాగానికే నడిచేది. మూడో తరగతిలోకి వెళ్ళేనాటికి ఆ పాఠాలు సగం నాకు వచ్చేసి ఉన్నాయి. ఎవరూ నేర్పినట్టు లేదు, వినపడ్డాయంతే.

పొద్దున హాజరు పిలవడమే మాకు మొదటి లెక్క. పేరు పిలిస్తే ‘‘ఉన్నానండీ’’ అనాలి. పిలవడం అయ్యాక రోజుకొకరు లేచి బల్ల మూల వారం, తేదీ రాసి, దానికింద మొత్తం 43, వచ్చినవారు 37 అని రాసేవాళ్ళు. రానివాళ్ళెంతమందో మిగతా అందరం చెప్పాలి. మాస్టారు అక్కడితో వదిలేవారు కాదు. ‘‘ఆ ఆరుగురిలో ఒకళ్ళ గురించి మూడు వాక్యాలు రాయండి’’ అనేవారు. ఎందుకు రాలేదో, వస్తే ఎక్కడ కూచునేవారో, నిన్న మనతో ఏం ఆడారో. జ్వరంతో పడుకున్న నా పక్కపిల్ల గురించి రాయడమే నేను సొంతంగా రాసిన మొదటి రాత. ఆమె లేకపోతే పలక పెట్టుకునే చోటు ఖాళీగా ఉందని రాశాను. మాస్టారు అది రెండు తరగతులకీ చదివి వినిపించారు. ఆ రోజు అది తీసివేత పాఠమో తెలుగు పాఠమో మాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

*

అక్షరాలు ఆయన అ నుంచి మొదలుపెట్టలేదు. ముందు సున్నలు. పలక నిండా సున్నలు. పెద్దవి, చిన్నవి, ఒకదాని కడుపులో ఒకటి. మణికట్టు గుండ్రంగా తిరగడం వచ్చాక ఆ సున్న నెత్తిన తలకట్టు పెట్టించారు, ర అయింది. ర లోపల చుక్క పెట్టించారు, ఠ అయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో కనపడ్డ గుండ్రటివాటికల్లా మనసులో తలకట్టు పెట్టుకుంటూ పోయాను. బండి చక్రం ర. నిండు చంద్రుడు ర. చంద్రుడి మీద మచ్చ కనపడితే ఠ.

ఆ సున్నలే బొమ్మల పాఠం కూడా. అక్షరం అయిపోయిన పలక మీద అదే సున్నకు కళ్ళూ ముక్కూ పెడితే మొహం, చుట్టూ గీతలు పెడితే సూర్యుడు. ‘‘క కు దీర్ఘమిస్తే కా, క కు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు’’ అని గుణింతం పాడేటప్పుడు గుడికి తలూపేవాళ్ళం, కొమ్ముకు భుజం దించేవాళ్ళం. అది పాటా, వ్యాయామమా, చదువా అంటే మూడూను.

పలక పోయినందుకు నాకు ఇప్పటికీ బెంగే. నలభై బలపాలు ఒక్కసారి గీస్తుంటే వచ్చే ఆ కీచు, తడిగుడ్డతో తుడిచినప్పుడు లేచే రాతి వాసన ఒక ఎత్తు. నా బెంగ వేరే. పలక మీద తప్పు రాస్తే అరచేత్తో తుడిస్తే పోయేది. మరునాటికి ఏ తప్పూ మిగిలేది కాదు. నోటుపుస్తకం వచ్చాక తప్పు పక్కన ఎర్రసిరా వచ్చి చేరింది. ఏడాది పొడుగునా పేజీ తిప్పినప్పుడల్లా ఆ ఎరుపు పిల్లల కంట పడుతుంది. నేను కూడా ఆ ఎర్రసిరా చాలా ఏళ్ళు వాడాను.

తొమ్మిదో ఎక్కం రోజు బాగా గుర్తు. మాస్టారు 9, 18, 27, 36 అని ఒకదానికింద ఒకటి 90 దాకా రాసి, సుద్దముక్క పక్కన పెట్టి చేతులు కట్టుకున్నారు. ‘‘చూస్తూ ఉండండి. ఏదో కనపడుతుంది’’ అన్నారు. చాలాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత ఒకడు అరిచాడు, ముందు అంకె ఒకటి చొప్పున ఎక్కుతోంది, వెనక అంకె ఒకటి చొప్పున దిగుతోంది అని. ఇంకొకరు రెండంకెలూ కూడితే ఎప్పుడూ తొమ్మిదే అన్నారు. అప్పుడు ఆయన మా పది వేళ్ళూ చాపించి, ఎడమ నుంచి నాలుగో వేలు మడవమన్నారు. మడిచిన వేలికి ఎడమ పక్క మూడు, కుడి పక్క ఆరు. 36. నా చేతుల్లోనే ఎక్కం ఉందని తెలిసిన క్షణం అది. రాత్రి దుప్పటి కింద కూడా వేళ్ళు మడుచుకుంటూ పడుకున్నాను.

*

ఒకరోజు ఆరుబయట నేలలో కర్ర పాతించారు. గంటగంటకీ ఇద్దరు వెళ్ళి నీడ కొస దగ్గర రాయి పెట్టి, నీడ పొడుగు జానల్లో కొలిచి రావాలి. నీడ పొద్దున చాచుకుని ఉంది, మధ్యాహ్నానికి పొట్టిదైంది, మళ్ళీ ఇంకో పక్కకు సాగింది. జానలతో కొలిస్తే చిక్కొచ్చింది. నా జానా, పొడుగు పిల్లాడి జానా ఒకటి కావు. అదే నీడకు రెండు లెక్కలు. మీటరు బద్ద ఎందుకు పుట్టిందో ఆ తగువులో తెలిసింది మాకు. మాస్టారు మీటరు బద్దను అప్పటిదాకా గది మూలనే ఉంచి, మేం కొట్టుకునేదాకా ఆగి తీశారు.

సాయంత్రం రాళ్ళన్నీ కలుపుతూ గీత గీసి, కథ చెప్పారు. సుమారు 2,200 ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ అనే ఆయన ఈ నీడతోనే భూమి చుట్టుకొలత తేల్చాడని. ఏడాదిలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం ఈజిప్టులో సయీన్ అనే ఊళ్ళో కర్రకు నీడ లేదు. అదే వేళకు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో ఉంది. ఆ నీడ కోణం చుట్టులో యాభయ్యో వంతు. అంటే ఆ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని యాభైతో హెచ్చవేస్తే భూమి చుట్టు వచ్చేస్తుంది. మాకు కోణమంటే తెలియదు. కానీ ఒక కర్ర, ఒక నీడ, ఒక గుణకారం కలిస్తే నడవకుండానే భూమిని చుట్టి రావచ్చని తెలిసింది. మరునాడు ‘నీడ’ మీద పది వాక్యాలు రాయమంటే నేను పలకకు రెండు పక్కలా రాశాను.

*

నేను టీచరు శిక్షణకు వెళ్ళినప్పుడు పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లు చదివాను. ఫ్రోబెల్ 1837లో జర్మనీలో చిన్నపిల్లలకు బడి పెట్టి, తర్వాత దానికి ‘పిల్లల తోట’ అనే అర్థం వచ్చేలా కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. డాక్టరుగా చదువుకున్న మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ఒక పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లల వేళ్ళతో తడిమించింది. విడిపూసలు, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం పెట్టి స్థానవిలువలు చేతికి అందించింది. అవి చదువుతుంటే నాకు మా మాస్టారి ఇసుకపళ్ళెం, పదేసి పుల్లల కట్టలు కళ్ళకు కట్టాయి. ఆయన ఈ పుస్తకాలు చదివారో లేదో నాకు తెలియదు. అడగడానికి అప్పటికి ఆయన లేరు. ఉంటే వెళ్ళి ఆ పేజీలు ఆయనకు చూపించేదాన్ని.

ఆ చదువులో ఒక పాఠం నేను ఆలస్యంగా అర్థం చేసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటో తరగతిలో రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమంగా నీళ్ళు పోసి చూపించాను. పిల్లలు సమానమన్నారు. ఒక గ్లాసు నీళ్ళు సన్నటి పొడుగు సీసాలోకి ఒంపి, ఇప్పుడు ఎక్కడ ఎక్కువున్నాయని అడిగాను. ముందు వరసలో ఒక పాప సీసాలోనే ఎక్కువంది. ‘‘నీ కళ్ళముందే కదా పోశాను, చూడలేదా?’’ అని గట్టిగా కసిరాను. పాప తల దించుకుంది. మళ్ళీ ఆ వారమంతా నోరు విప్పలేదు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన పియాజే అనే ఆయన చెప్పింది సరిగ్గా అదే. ఆ వయసు పిల్లలకు ఎత్తు పెరిగితే నీళ్ళు పెరిగినట్టే, ఏడేళ్ళ ప్రాంతంలో గానీ ఆ రెండింటినీ విడదీసి చూడలేరని. పరీక్ష కోసం బట్టీపట్టి రాసిన దాన్నే నేను. ఆ పాప చూసింది, చూసింది చూసినట్టు చెప్పింది. ఆ దించుకున్న తల నాకు ఇప్పటికీ కనపడుతుంది.

అప్పటినుంచి తప్పు జవాబు వస్తే ముందు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడం అలవాటు చేసుకున్నాను. మూడో తరగతి పిల్లాడొకడు 42లోంచి 17 తీసేసి ఎప్పుడూ 35 వేసేవాడు. పక్కన కూచుని పైకి చెప్తూ చెయ్యమన్నాను. ‘‘ఏడులో రెండు పోతే అయిదు, నాలుగులో ఒకటి పోతే మూడు’’ అన్నాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యాలని ఎప్పుడో విన్నాడు, ఆ మాట మీదే నిలబడ్డాడు. పుల్లలు తెచ్చి నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు ముందు పెట్టాను. పదిహేడు నాకిమ్మన్నాను. ఒక కట్ట ఇచ్చాడు, విడివి రెండూ ఇచ్చాడు. ఇంకా అయిదు కావాలి. కాసేపు కట్టల వంక చూశాడు. తర్వాత ఒక కట్ట తీసుకుని ముడి విప్పబోయాడు. రాకపోతే పంటితో లాగాడు. దారం తెగి పది పుల్లలూ ఒళ్ళో పడ్డాయి. అయిదు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, మిగిలినవి చూసుకుని, ‘‘ఇరవై అయిదు’’ అన్నాడు, తనలో తను చెప్పుకున్నట్టు. పక్కస్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమని బల్ల మీద నేను వందసార్లు చెప్పింది ఆ తెగిన దారంలో ఉంది.

*

ఇక చిక్కుడు గింజలు. ఏటా వేయించేదాన్ని. రాత్రంతా నానబెట్టి, ఉబ్బిన గింజను గోటితో విప్పితే రెండు బద్దల మధ్య బుల్లి మొక్క ముడుచుకుని పడుకుని ఉంటుంది. దాన్ని చూసినప్పుడు ఏ తరగతిలోనైనా గది నిశ్శబ్దమైపోయేది. మూణ్ణాలుగు రోజులకు వేరు వచ్చేది, తర్వాత కాండం మెడ వంచుకుని కొంకిలా లేచేది. అక్కణ్ణుంచి మట్టిలోకి మార్చేవాళ్ళం.

మొక్క ఎత్తు స్కేలుతో కొలవడం రెండో తరగతి వాళ్ళకు రాదు. అందుకని రోజూ ఒక కాగితపు పట్టీ తెచ్చి మొక్క పక్కన నిలబెట్టి, దాని ఎత్తుకు సరిగ్గా కత్తిరించి, వారం పేరు రాసి గోడకు అంటించమన్నాను. ఒకదాని పక్కన ఒకటి. సోమవారం చిటికెడు, మంగళవారం ఇంకాస్త. మూడు వారాలకు గోడ మీద మెట్లు లేచాయి. అది గ్రాఫు అని నేను చెప్పలేదు. వాళ్ళే దాని ముందు నిలబడి ఏ రోజు మొక్క బాగా తొందరపడిందో, ఏ రోజు బద్ధకించిందో చెప్పుకునేవాళ్ళు. బద్ధకించిన రోజు మబ్బు పట్టిందని ఒకమ్మాయి గుర్తుచేసింది. నిజమో కాదో తేల్చాలంటే రోజూ ఆకాశం ఎలా ఉందో కూడా రాసుకోవాలన్నారు. అలా పట్టీల కింద సూర్యుడు, మబ్బు, వాన బొమ్మలు వచ్చి చేరాయి.

ఒకరోజు ఒకడు గోడ ముందు కదలకుండా నిలబడి, ‘‘టీచర్, ఆదివారం పట్టీ లేదు’’ అన్నాడు. బడి లేదు కదా, ఎవరూ కొలవలేదు అన్నాను. ‘‘మనం రాకపోతే మొక్క పెరగదా మరి?’’ అన్నాడు. గదిలో పెద్ద చర్చ లేచింది. పెరిగే ఉంటుంది, శనివారం కన్నా పెద్దదే, సోమవారం కన్నా చిన్నదే అని తేల్చుకున్నారు. ఎంత అంటే, రెండు పట్టీల మధ్య ఎత్తు వేళ్ళతో చూసి, నడిమికి కత్తిరించి అంటించారు. ఆ పట్టీ మీద ఒకమ్మాయి ‘ఆదివారం, చూడలేదు’ అని రాసింది. చూసినదాన్నీ, ఊహించినదాన్నీ విడదీసి రాయాలని ఏడేళ్ళ పిల్లకు తోచింది. నా ఉద్యోగం మొత్తంలో నేను చూసిన గొప్ప వాక్యం అదే.

అదే ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి ఆ గోడ చూసి, నా టైంటేబుల్ చూసి, ‘‘ఇది లెక్కల పీరియడ్. ఈ మొక్కలూ బొమ్మలూ ఏమిటి?’’ అన్నారు. నేను చెప్పబోయాను. ఆయన వినలేదు. పీరియడ్‌కు నలభై నిమిషాలు, దేనికి దానికే పుస్తకం అని రాసి వెళ్ళారు. భయపడ్డాను. ఒక ఏడాదిపాటు కుండీలు అటకెక్కించి, గంట కొట్టగానే పుస్తకం మూయించి ఇంకో పుస్తకం తీయించాను. పాఠాలన్నీ పూర్తయ్యాయి. గోడ బోసిగా ఉంది. ఏడాది చివర పిల్లలు నన్నడిగిన ప్రశ్నలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మరుసటి జూన్‌లో గింజలు నానబెట్టాను. ఎవరైనా అడిగితే ఏ పీరియడ్‌కు ఆ పీరియడ్‌లా జవాబు చెప్పడం అప్పటికి నేర్చుకున్నాను. కొలిస్తే లెక్కలు, రాస్తే తెలుగు, గీస్తే చిత్రలేఖనం. అన్నీ నిజమే కాబట్టి అబద్ధమాడే పని పడలేదు.

గదికి పటం గీయించడం కూడా ఆ రోజుల్లోనే. అడుగులతో గది కొలిచి, అడుగుకొక గడి చొప్పున గళ్ళ కాగితం మీద దించాలి. బెంచీని చాలామంది నాలుగు కాళ్ళతో గీశారు. ‘‘పైకప్పు మీద బల్లి ఉందనుకోండి. దానికి బెంచీ ఎలా కనపడుతుంది?’’ అని అడిగాను. అందరూ తలెత్తి చూశారు. తర్వాత రబ్బర్లు తీసి కాళ్ళన్నీ చెరిపేశారు. ఆ తర్వాత గోడ మీది ప్రపంచపటాన్ని వాళ్ళు చూసిన చూపే వేరు.

*

సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చాక గ్లాసు దగ్గరికి తీసుకెళ్ళాను. నోటుపుస్తకం ఏదీ తియ్యవద్దన్నాను. పాత కేలండర్ కాగితం వెనక నుంచి పట్టీ చింపి ఇచ్చాను. గాజు మీద ఆనించి, వేరు కొస దాకా గోటితో గీటు పెట్టి, కత్తిరించి, కిటికీ రెక్కకు అంటించింది. స్కేలు పెట్టి చూసి రెండు సెంటీమీటర్లంది. మళ్ళీ కళ్ళు దగ్గరగా పెట్టి, ‘‘రెండుకి కొంచెం ఎక్కువ. ఆ కొంచేన్ని ఎలా రాస్తారు?’’ అంది. స్కేలు మీద చిన్న గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తర్వాత నేను గ్లాసును పక్కకు పడుకోబెట్టాను, దూది జారకుండా. కిందికి చూస్తున్న వేరు ఇప్పుడు గోడ వైపు చూస్తోంది. ‘‘అయ్యో, పాడవుతుందేమో!’’ అంది. రేపు పొద్దున చూద్దామన్నాను. రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చింది. ఏమీ కనపడలేదని వచ్చి నా పక్కన పడుకుంది.

ఈ ఉదయం కాఫీ పెట్టుకుంటుంటే వరండాలోంచి కేక. ‘‘అమ్మమ్మా, వంగింది! కిందికి తిరిగింది! దానికి కింద ఎటో ఎలా తెలుసు?’’

నాకు తెలిసిన జవాబు చెప్పబోయి ఆగాను. అది అప్పటికే రెండో పట్టీ చింపుతోంది. వంకర వేరును తిన్నటి కాగితంతో ఎలా కొలవాలో తోచక, నా కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చుకుంది.